తొమ్మిది కిలోమీటర్ల అమ్మ

సత్యవేణి డ్రోన్‌గా మారిన మర్నాడే రేంజి పరీక్షకు రమ్మని పురపాలక కార్యాలయం నుంచి కబురొచ్చింది. ఇందులో వింతేమీ లేదు. పిల్లలు హాస్టల్లో చేరిన వారం పది రోజుల్లో తల్లులు ఇలా అయిపోవడం ఆ ఊళ్ళో మామూలే. రేషను కార్డులో పేరు పక్కన నాలుగు రెక్కల ముద్ర వేసి ఇస్తారు.

ఆమె కూతురు హిమజ నర్సింగు కాలేజీలో చేరింది. హాస్టలు తొమ్మిది కిలోమీటర్లు. మూడు రోజుల క్రితం ఫోనులో ఆ పిల్ల ఒక్కసారి దగ్గింది. పొడిదగ్గు. అంటే న్యుమోనియాకి ముందు మెట్టు. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. అంటే స్పృహలో లేదన్నమాట. సత్యవేణికి మధ్యలో ఇంకే మెట్టూ కనబడలేదు.

పరీక్షలో ఆమెకంటే ముందు ఎగిరిన పోలీసు క్వార్టర్సావిడ నలభై ఆరు నిమిషాలు గాల్లో నిలిచింది. అదే రకం బ్యాటరీతో సత్యవేణి ఇరవై ఎనిమిదికే దిగిపోయింది. గుమాస్తా దొరబాబు రెండు అంకెలూ పక్కపక్కన రాసి, దిగులు మోటారు మీద పడుతోందనీ, ఏమీ ఆలోచించకుండా ఎగరమనీ చెప్పాడు. ఆమె అలాగే ప్రయత్నించింది. ఆలోచన మానేసరికి రెక్కలే తిరగలేదు. చివరికి తొమ్మిది కిలోమీటర్లకి ధ్రువపత్రం ఇచ్చారు.

దరఖాస్తులో ‘బయలుదేరునప్పుడు చెప్పు మాట’ అనే గడిలో అందరు తల్లుల్లాగే ఆమె కూడా ‘వెళ్ళొస్తాను’ అని రాసింది. ఎగిరితే రైసు మిల్లు దాకా పోయి, హాస్టలు వాటర్ ట్యాంకు అల్లంత దూరాన కనబడుతుండగానే, వద్దన్నా వినకుండా ఒళ్ళు వెనక్కి తిరిగింది.

“తొమ్మిదంటే పోనూ రానూ కలిపేనమ్మా,” అన్నాడు మళ్ళీ కౌంటరుకి వచ్చిన ఆమెతో దొరబాబు. “వెళ్ళొస్తానని రాశారు కదా, సగంలో తిప్పేస్తది.”

“వెళ్తానని రాస్తే?”

దొరబాబు కలం పక్కన పెట్టాడు. “ఆడపిల్ల దగ్గరికెళ్తా ఆ మాటేంటమ్మా, శుభమా అని. తొమ్మిదీ వెళ్తారనుకోండి. రాసినవాళ్ళు మళ్ళీ ఈ కౌంటరుకి రాలేదు మరి.”

ఆమె పాత మాట కొట్టేసి, కొత్తది రాసి, పక్కన సంతకం పెట్టింది. దిద్దుబాటు ఉన్నచోట సంతకం తప్పనిసరి.

హాస్టలు మూడో అంతస్తు కిటికీ చేరేసరికి బ్యాటరీ మూడు శాతం ఉంది. హిమజ మంచం మీద బాసింపట్టు వేసుకుని, నలుగురితో కలిసి ఒకే గిన్నెలో ఆవకాయన్నం తింటోంది. దేనికో పొట్ట పట్టుకుని నవ్వుతోంది. సత్యవేణి దగ్గు కోసం ఎదురుచూసింది. రెండు శాతం దాకా చూసింది. రాలేదు.

కూతురు తలెత్తి చూసి, ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని కిటికీ దగ్గరికొచ్చింది.

“అమ్మా, రికార్డింగ్ ఆపవా,” అని మెల్లిగా, మర్యాదగానే చెప్పింది. తర్వాత కర్టెను లాగింది.

సత్యవేణి మేడ మీద దిగింది. బట్టలు ఆరేసిన తీగల కింద అప్పటికే పదకొండు మంది తల్లులున్నారు. కొందరి రెక్కల మీద దుమ్ము పేరుకుంది. పైకి వచ్చిన అమ్మాయిలు వాళ్ళని తొక్కకుండా దాటుకుంటూ బట్టలు తీసుకుపోతున్నారు.

“మీ అమ్మాయెలా ఉందండీ?” అని పక్కావిడ అడిగింది.

“బాగానే ఉందండీ.”

“మాదీ అంతే,” అని ఆవిడ కొంచెం జరిగి చోటిచ్చింది.