కాలం కలిసొచ్చిన రోజు

ఆ ఉదయం బస్సు డ్రైవరు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యను తన బస్సులోనే ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, చివరి స్టాపైన ఆసుపత్రి దగ్గర దింపడం. ఇద్దరూ గోడ గడియారం చూసి బయలుదేరారు. ఆయన డ్యూటీకి ఏనాడూ ఆలస్యం కాకూడదని, పెళ్లయిన కొత్తలోనే ఆవిడ దాన్ని ఐదు నిమిషాలు ముందుకు తిప్పిపెట్టింది.

ఆవిడకు ఇక ఎక్కువ కాలం లేదని డాక్టరు కిందటి వారమే చెప్పేశాడు. అప్పటినుంచి డ్రైవరుకు తిండి సయించడం లేదు. ఆవిడ లేని ఇల్లు ఊహకే అందడం లేదు. మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికినట్టు, రోజూ అదే బస్సెక్కే ఫిజిక్సు మాస్టారు నిన్న ఒక మాట చెప్పారు: వేగంగా పోయేవాళ్లకి కాలం నెమ్మదిగా నడుస్తుందని. కాంతి వేగానికి దగ్గరగా వెళ్తేనే అని కూడా అన్నారు గానీ, ఆ ముక్క ఇంజను మోతలో కలిసిపోయింది.

అందుకని మొదటి స్టాపులో డ్రైవరు బస్సు ఆపలేదు. ఆగితే ఆవిడ కాలం కరిగిపోతుందని భయం. రెండో స్టాపూ దాటింది. కండక్టరు బెల్లు తాడు తెగేదాకా లాగాడు. బ్రేకులు పోయాయని వెనక సీటాయన తేల్చేశాడు. ఎవరో పోలీసులకు ఫోను కొట్టారు. గోరంత కొండంతయింది. పోలీసులు దారి పొడుగునా బళ్లను పక్కకు తప్పించి, సిగ్నళ్లన్నీ పచ్చగా వెలిగించారు. కాలమే దారి ఇస్తోందనుకుని డ్రైవరు ఇంకాస్త తొక్కాడు.

ఆసుపత్రి ముందు బస్సు బుద్ధిగా ఆగింది. అక్కడ ఫైరింజనుతో పాటు డిపో మేనేజరు కూడా ఎదురుచూస్తున్నాడు. చూస్తే బ్రేకులు భేషుగ్గా ఉన్నాయి. ఎందుకిలా చేశావని అడిగితే డ్రైవరు ఉన్నదున్నట్టు చెప్పాడు. మేనేజరు అక్కడికక్కడే సస్పెండు చేశాడు. బస్సులోంచి దిగిన మాస్టారు తల పట్టుకున్నారు.

"ఈ బస్సుని జీవితాంతం నడిపినా రెప్పపాటులో వెయ్యో వంతు కూడా మిగలదయ్యా."

డ్రైవరు ఫుట్‌బోర్డు మీద కూలబడి ఏడ్చాడు. ఆవిడ మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది.

"ఇన్నేళ్లూ చక్రాల మీద తిరిగింది మీరు. ఇంట్లో కదలకుండా కూర్చుంది నేను. అందుకే నా కాలం ముందు అయిపోతోందన్నమాట," అని నవ్వింది. ఆయన భుజం మీద తల వాల్చి, "ఇక రోజూ ఇంట్లోనే ఉంటారుగా. ఇద్దరికీ ఒకటే కాలం. నాకది చాలు," అంది.

ఇంటికి రాగానే, ఇక డ్యూటీ లేదు కదా, గడియారం సరిచేయమంది. ఆయన కళ్లు తుడుచుకుని స్టూలెక్కి ముల్లు వెనక్కి తిప్పాడు. కాంతి వేగంతో పని లేకుండానే ఐదు నిమిషాలు కలిసొచ్చాయి.