గజ్జెలమ్మ సెలవు రద్దయిన కథ

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే మాటలా, అందులో దారి తప్పిన గాలి మరుసటి ఏటికి గానీ బయటపడేది కాదు, ఎలుగుబంటి భీకరయ్య కొత్తగా గద్దెనెక్కాడు. ఆ రోజు అతను పెట్టిన కేకకు చందమామ పక్కకు జరిగాడు. కళ్ళారా చూశాను. నమ్మకపోతే చందమామనే అడగండి.

గద్దె దక్కింది గానీ కడుపులో ఒకటే మంట. అడవికి ఏడాదికి ఉన్న ఒకే ఒక్క సెలవు పాత ఏలిక గజ్జెలమ్మ ఏనుగు పేరిట ఉంది. కరువులో వాగును అడవిలోకి మళ్ళించిన తల్లి ఆమె.

"ఆవిడ పేరు వినపడినన్నాళ్ళూ ఈ గద్దె నాది కాదయ్యా," అన్నాడు మంత్రి కొంగతో.

ఒంటికాలి మీదున్న కొంగ భక్తిగా రెండో కాలూ దించింది. "ఆ సెలవు రద్దు చేద్దాం దొరా! ఆ రోజు అందరిచేతా వాగులో పూడిక తీయిద్దాం. తమరి పుట్టినరోజున సెలవిద్దాం. రెండేళ్ళు పోతే ఆవిడెవరో, తమరెవరో..."

"నేనెవరో?"

"అబ్బే, తమరు గుర్తుంటారు దొరా!"

నిజానికి గజ్జెలమ్మను అడవి ఎప్పుడో మరిచిపోయింది. సెలవంటే తిని ముసుగుతన్ని పడుకోవడమే. ఆ గురకలకు కొండలు పెచ్చులూడేవి!

సెలవు పోయింది. నెత్తికి తట్టలెక్కాయి.

"ఈపాటికి రెండో కునుకులో ఉండేదాన్ని," నడుం పట్టుకుని మూలిగింది కుందేలు. "అసలీ రోజు సెలవెందుకిచ్చేవాళ్ళు తాతా?"

ముసలి తాబేలు తట్ట దించింది. "ఈ వాగును ఇటు తిప్పింది గజ్జెలమ్మేనే పిచ్చిదానా! దంతం విరిగినా బండను తోయడం ఆపలేదు."

"దంతం ఇక్కడుందర్రోయ్!" పూడికలోంచి అరిచింది అడవిపంది.

ఆ దంతాన్ని ఒడ్డున నిలబెట్టి "గజ్జెలమ్మకీ జై!" అన్నారు. ఆకాశానికి చిల్లు పడి కుండపోత. నా ఒంటి తడి ఇంకా ఆరలేదు.

భీకరయ్య పుట్టినరోజు వచ్చింది. తన మెడలో తానే దండ వేసుకుని మైదానంలో నిలబడ్డాడు. చీమైనా రాలేదు.

"జనమేరయ్యా?"

గూట్లోంచి కొంగ ఆవులించింది. "సెలవు కదా దొరా, పడుకున్నారు. నేనూ సెలవులోనే ఉన్నాను."

"ఎవరి పేరిట సెలవురా ఇది?"

"ఎవరిదో... రేపు ఆఫీసు తెరిచాక చూసి చెబుతాను."

మర్నాడు అడవి తీరిగ్గా నిద్రలేచి, తట్టలు మోసి నెత్తిన కట్టిన బొప్పులు తడుముకుని, భీకరయ్యను గద్దె దింపేసింది. ఆయన పుట్టినరోజు సెలవును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

నీతి: ఎవరినైనా జనం మరిచిపోవాలంటే, వారి పేరిట ఒక సెలవు ప్రకటించండి.