వడదెబ్బ వార్డు సహాయార్థం మిట్టమధ్యాహ్నపు పరుగు

పట్టణ ఆసుపత్రిలోని వడదెబ్బ వార్డుకు ఐసు యంత్రం సమకూర్చాలన్న పవిత్ర లక్ష్యంతో, వేసవి నడినెత్తిన ఒక ఆదివారం, మధ్యాహ్నం సరిగ్గా పన్నెండు గంటలకు, అయిదు కిలోమీటర్ల ధర్మ పరుగు నిర్వహించాలని దాతల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఉదయం ఆరింటికి పెడితే బాగుండునేమోనని ఒక సభ్యుడు గొణిగాడు గాని, అధ్యక్షులవారు ఆయనను సున్నితంగా సరిదిద్దారు. చల్లని వేళ పరుగెత్తితే అది పరుగెత్తేవాడి ఆరోగ్యం కోసమవుతుంది. రోళ్ళు పగిలే ఎండలో పరుగెత్తినప్పుడే అది పరోపకారమవుతుంది. ఇంత సూక్ష్మమైన ధర్మం తనకు తట్టనందుకు ఆ సభ్యుడు సిగ్గుపడి సంతకం పెట్టాడు.

ఈ వార్త విని అందరికన్న ఎక్కువ సంతోషించినది ఆ వార్డు హెడ్ నర్సు. ఆమె వార్డంటే ఎనిమిది మంచాలున్న రేకుల గది. అందులోని పంకా వేడి గాలిని ఏ మూలకూ అన్యాయం జరగకుండా సమంగా పంచుతుంది. ఐసు కావలసి వస్తే ఊరి చివరి ఫ్యాక్టరీ నుంచి గోనెసంచిలో చుట్టి బండిమీద తేవాలి. బయలుదేరినప్పుడు దిమ్మె, చేరేసరికి చెంబెడు నీళ్ళు. కిందటి వేసవిలో ఒక తాపీమేస్త్రి, ఐసు దారిలో ఉండగానే, ఆమె చేతుల్లో కన్నుమూశాడు. యంత్రం కోసం అయిదేళ్ళుగా ఆమె పంపిన అర్జీలన్నీ పరిశీలనలో ఉన్నాయి. తొందరపడి చదివితే పరిశీలన చెడుతుందని పై అధికారులు ఇంతవరకు కవర్లు చించలేదు.

"ఈసారి యంత్రం వచ్చినట్టేనే," అంది ఆమె ఆయాతో.

"వస్తుందమ్మా, ఎండమావిలో నీళ్ళొచ్చినట్టు," అంది ఆయా తడిగుడ్డ పిండుతూ. "చూస్తూ ఉండండి, వాళ్ళు పరిగెత్తేది రోడ్డు మీద, పడేది మన మంచాల మీద."

"నీ నోట ఒక్క మంచి మాట రాదా?"

"నోరెండిపోయిందమ్మా. తడిస్తే అదే వస్తుంది."

ఏర్పాట్లలో సంఘం ఏ లోపమూ రానివ్వలేదు. చొక్కాలు దానమిచ్చిన బట్టల వ్యాపారి దగ్గర అమ్ముడుపోకుండా మిగిలినవి నల్లవి, మందపాటివి కనుక అందరికీ అవే దక్కాయి; వీపుమీద 'చల్లగా ఉందాం' అని తెల్లని అక్షరాలు. చెట్లున్న వీధిలో ఫొటోలు సరిగా పడవని దారి మళ్ళించారు. ఎండ గురించి వదంతులు పుట్టకుండా కార్యదర్శి ఒక అధికారిక థర్మామీటరు తెప్పించి, దానికి ఎండ తగలకుండా తన ఏసీ గదిలో తగిలించారు. ఆదివారం పదకొండున్నరకు అది ఇరవై నాలుగు డిగ్రీలు చూపించగా, వాతావరణం పరుగుకు ఎంతో ఆహ్లాదకరంగా ఉన్నదని మైకులో ప్రకటించారు.

అన్నిటికన్న ఘనమైన ఏర్పాటు వేదికమీద, పట్టుతెర చాటున ఉంది. వడదెబ్బకు బలైనవారి స్మృత్యర్థం నిలువెత్తు ఐసు విగ్రహం: పరుగెత్తుతున్న మనిషి, చేతిలో కాగడా. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఫ్యాక్టరీ మూడు రోజులు రాత్రింబగళ్ళు పనిచేస్తే తప్ప ఆ విగ్రహానికి చాలలేదు. ఆ ఉదయం ఐసు కోసం వెళ్ళిన ఆయాకు అక్కడి గుమాస్తా చేతులు జోడించి, "అంతా మీ వార్డు కోసమే ఇచ్చేశాం తల్లీ, చిన్న ముక్క కూడా మిగల్లేదు," అని చెప్పి పంపాడు. విగ్రహాన్ని ముఖ్య అతిథిగారు తెర తీసి ఆవిష్కరించాలి. వారు ఎండ తగ్గాక వస్తామని కబురు చేశారు.

రెండు వందల మంది పరుగెత్తారు. వారిలో ఎక్కువమంది ఆఫీసు గుమాస్తాలు. వాళ్ళ హాజరు పట్టీలను గమ్యస్థానంలో పెట్టడంతో సేవాభావం కట్టలు తెంచుకుంది. మొదటి కిలోమీటరులో ముఖాలు ఉత్సాహంతో వెలిగాయి. రెండవదానిలో కారణం లేకుండానే వెలిగాయి. కరిగిన తారులో బూట్లు అతుక్కుపోయినవారు మేజోళ్ళతో ముందుకు సాగారు. దారిలో మంచినీళ్ళ బల్లల మీద సీసాలను గోపురంలాగా పేర్చారు. ముఖ్య అతిథిగారు చూసేవరకు ఆ అందం చెడగూడదని స్వచ్ఛంద సేవకులు చుట్టూ కాపలా కాశారు.

ఒంటిగంటకల్లా వార్డులో నలభై ఇద్దరు చేరారు. మంచాలు నిండాయి, నేల నిండింది, వరండా నిండింది. బ్యాంకు గుమాస్తా ఒకడు, ఒళ్ళంతా పెనంలా కాలిపోతూ, చెమట చుక్క లేక, "వచ్చాను సార్... హాజరు వేయండి సార్..." అని పలవరిస్తున్నాడు. జ్వరం నూట ఆరు దాటింది. తాపీమేస్త్రికీ ఇంతే ఉండింది. హెడ్ నర్సు లేచి, ఆయాను వెంటబెట్టుకుని, అంబులెన్సు ఎక్కి తిన్నగా వేదిక దగ్గరికి వెళ్ళింది.

"ఐసు కావాలండీ. నలభై ఇద్దరున్నారు," అంది.

"మీ సేవానిరతి మెచ్చుకోదగ్గది సిస్టర్," అన్నారు అధ్యక్షులు. "ఆవిష్కరణ కాగానే మొత్తం మీ వార్డుకే పంపిస్తాం."

"అప్పటికి విగ్రహమూ ఉండదు, మనుషులూ ఉండరు."

"ముఖ్య అతిథిగారు రాకుండా తెర ఎలా తీస్తామండీ? దేనికైనా ఒక పద్ధతుంటుంది కదా!"

ఇలా అని వారు మైకు వైపు తిరిగారు. "సోదర సోదరీమణులారా! విగ్రహాలు కరగవచ్చు గాని, మన సంకల్పం కరగదు!" తెర కింద నుంచి పారుతున్న నీరు అప్పటికే వారి బూట్లను చల్లబరుస్తోంది. బహుశా అందుకే వారి వాక్ప్రవాహం నిరాటంకంగా సాగింది.

హెడ్ నర్సు వెనకవైపు నుంచి వేదిక ఎక్కి, పందిరి మేకులు కొట్టే సుత్తి అందుకుని, తాడు లాగి, విగ్రహాన్ని తానే ఆవిష్కరించింది. విషయం తెలియని కొందరు చప్పట్లు కొట్టారు. మొదటి దెబ్బకు కాగడా, రెండవ దెబ్బకు భుజం దిగాయి. ఆయా స్ట్రెచరు పరిచింది.

"ఒక్క ముక్క కూడా వదలకు. ముక్కు, చెవులు, అన్నీ."

"ముక్కు ఎప్పుడో కారిపోయిందమ్మా. మీరు ఆ తొడ పట్టుకోండి, బరువుంది."

ఆ ఐసు మనిషి ఒళ్ళు నలభై రెండు భాగాలై నలభై ఇద్దరి మెడల కింద, చంకల్లో చేరింది. సాయంత్రానికి చివరగా బ్యాంకు గుమాస్తా కళ్ళు తెరిచి, తాను ఎన్నో స్థానంలో వచ్చానని అడిగాడు. ఒక్క ప్రాణమూ పోలేదు.

మరుసటి వారం సమీక్షా సమావేశంలో హెడ్ నర్సుకు ఒకే కవరులో రెండు కాగితాలు అందాయి. ఒకటి ప్రాణాలు కాపాడినందుకు ప్రశంసాపత్రం, రెండవది విగ్రహాన్ని ధ్వంసం చేసినందుకు సంజాయిషీ కోరుతూ మెమో. అటుపిమ్మట అధ్యక్షులు అసలు విషయానికి వచ్చారు. నలభై ఇద్దరిలో ఒక్కరూ మరణించనందువల్ల, వడదెబ్బ వార్డు ఐసు యంత్రం లేకుండానే అద్భుతంగా పనిచేయగలదని నిస్సందేహంగా రుజువైనది. కనుక సేకరించిన నిధితో వచ్చే ఏడు ఇంతకు రెట్టింపు ఎత్తు విగ్రహం చేయించాలని తీర్మానం.

"మరి యంత్రం ఎప్పుడొస్తుందండీ?" అంది ఆమె లేచి నిలబడి.

అధ్యక్షులు ఆమె వంక ఎంతో దయగా చూశారు. "ఒక్కరైనా పోయి ఉంటే తప్పకుండా ఆలోచించేవాళ్ళమమ్మా. మీరే అవకాశం ఇవ్వలేదు."

సభ చప్పట్లతో మారుమోగింది. ముందు వరుసలో కూర్చున్న ఆ నలభై ఇద్దరూ అందరికన్న గట్టిగా కొట్టారు; వారికి చేతులాడడం ఎవరి చలవో వారు మరచినట్లు కనిపించలేదు, గుర్తున్నట్లూ కనిపించలేదు. వచ్చే ఏటి పరుగుకు పేర్లు రాసే పట్టీ చేతులు మారుతూ పోయి, పావుగంటలో నిండిపోయింది.

హెడ్ నర్సు ఆ పట్టీకి నకలు తీసుకుని వార్డుకు వెళ్ళి, ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క కేసు కాగితం ముందుగానే రాసి పెట్టుకుంది. వయసు దగ్గర మాత్రం ఖాళీ వదిలింది. పాఠకులు విజ్ఞులు, పరోపకారులు, కనుక మీ పేరూ ఆ పట్టీలో ఉండే ఉంటుంది. వీలు చూసుకుని ఒకసారి వార్డుకు వచ్చి, మీ కాగితంలో ఆ ఖాళీ నింపి వెళ్ళగలరని మనవి.