చామాకు విందు

ఆ ఆదివారం పొద్దున పళ్లు తోముకుంటూనే వెంకటేశయ్య శెట్టి పథకం వేసేశాడు. కోలారు బంగారు గనులు సర్కారువి అయ్యాక క్యాంటీన్‌కు సరుకులు ఎవరు వేయాలో తేల్చేది గని అధికారి పద్మనాభ ఒక్కడే. ఆండర్సన్‌పేటలో కిరాణా కొట్టున్న ప్రతివాడూ ఆయనకు ఓళిగలు, అదే బొబ్బట్లు, పెట్టి భంగపడ్డవాడే. అందుకే వెంకటేశయ్య ఆయన్ను విదేశీ భోజనానికి పిలిచాడు. ఈసారీ కాంట్రాక్టు రాకపోతే కొట్టు మూసుకోవలసిందే.

వంటవాడు మేడమీద అద్దెకున్న విన్‌స్టన్. గనిపని నేర్చుకోవడానికి ట్రినిడాడ్ నుంచి వచ్చాడు. శాకాహారులైన శెట్టిగారింట్లో పీతలు వేయనని ఒట్టేసి, వాళ్లమ్మ చేసే కూరను గుండిగ నిండా వండాడు. చామాకు, బెండకాయలు, కొబ్బరిపాలు. పైన తను పెరట్లో పెంచిన పసుపుపచ్చ మిరపకాయలు, ముచ్చికలతో సహా. వాసన పట్టాక వాటిని చిదమకుండా తీసి పారేస్తారు. ఆ సంగతి వాళ్ల ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకే ఎవరికీ చెప్పకుండా స్నానానికి వెళ్లాడు.

వెంకటేశయ్య మూత తీశాడు. "ఏమే అంబుజా, కాయలు అట్లే తేల్తా ఉండాయి! పాపం, ఎనపడం తెలీదు ఆయప్పకి. పప్పుగుత్తి తీస్కో."

"ఒక మాట అడిగి ఎనుపుదామండీ."

"కోలారు సీమలో ఆకుకూర ఎనపడానికి ఇంగొకర్ని అడగాల్నా?"

అంబుజమ్మ ఎనిపింది. కాయలు ఆనవాలు లేకుండా కలిసిపోయాయి.

మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చున్న పద్మనాభ మొదటి ముద్దకు "బాగుండాది" అన్నాడు. రెండో ముద్దకు విస్తరి వదిలేసి వీధి అరుగు మీదికి పరుగెత్తి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. ఏమైందోనని వేలు ముంచి నాకిన వెంకటేశయ్య ఆయన పక్కన చేరాడు. మొగుడి మాట నమ్మక తనూ రుచి చూసిన అంబుజమ్మ మూడోది.

ఎదురింటి మారమ్మ వరసగా ఏడుస్తున్న ముగ్గుర్నీ చూసింది. "అయ్యో, ముసలమ్మ పోయిందా!" అని జుట్టు విరబోసుకుని శోకాలు మొదలెట్టింది. షిఫ్టు దిగి వస్తున్న కార్మికులంతా టోపీలు తీసి అరుగు చుట్టూ నిలబడ్డారు. ఎవరో పూలదండ కూడా తెచ్చారు. అప్పుడు వెంకటేశయ్య తల్లి లోపలి నుంచి వచ్చింది. "ఎవురు పోయినారప్పా?"

'నా కాంట్రాక్టే పోయిందమ్మా' అని వెంకటేశయ్య కడుపులోనే కుమిలిపోయాడు.

భోజనాల వేళ గడప దాకా వచ్చినవాళ్లను ఊరికే పంపే ఇల్లు కాదది. అంబుజమ్మ కళ్లు తుడుచుకుని అందరికీ రాగి సంగటి, ఆ కూర వడ్డించింది. చెమటలు కారుతున్నా ఎవరూ ఆగలేదు. ఎల్లప్ప అనే కార్మికుడు వేళ్లు నాకుతూ పద్మనాభ దగ్గరికొచ్చాడు.

"సారూ, తిండంటే ఇది! మీ క్యాంటీన్లో సప్పిడి కూడు తిని నాలిక సచ్చిపోయినాది. ఈ శెట్టి చేత పెట్టించండి, ఇంగ మేము గలాటా చేస్తే అడగండి."

పద్మనాభ కాదనాలనే అనుకున్నాడు. మంటకు నోరు పెగల్లేదు. కాదన్నట్టు తల ఊపాడు. అదే ఒప్పుకోలనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

మరుసటి వారం కాయలు ఎనిపి వండిన ఆ కూరకు క్యాంటీన్ పలక మీద 'ట్రినిడాడ్ ఆకుకూర' అని రాశారు. ఆ పూట గని మొత్తంలో పెరుగన్నం అడిగి తిన్నది విన్‌స్టన్ ఒక్కడే.