ఇరవై మూడో నంబరు మీద పగ

“ఈ లోకంలో నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికినవాళ్ళు, దొరకబోయేవాళ్ళు!” అని ప్రకటించి బావగారు కాఫీ గ్లాసు ఠప్పున కింద పెట్టారు.

మొదటి రకంలో ఇప్పటిదాకా ఒక్క పురుగూ లేదని లెక్కల టీచరుకి తెలుసు. కానీ భర్తకి అన్నగారాయె, పైకి అనడానికి నోరు రాలేదు. ఆయన ముప్పై ఏళ్ళు పార్సెల్ ఆఫీసులో మూటల మీద ముద్రలు గుద్ది రిటైరయ్యారు. ఆ మర్నాడే డిటెక్టివ్ అయిపోయారు. పేపరు చదువుకోవడానికి కొన్న భూతద్దం, మండుటెండలోనూ విప్పని రెయిన్ కోటు, ఒక నోటుబుక్కు, అంతే సరంజామా. పాల ప్యాకెట్ల దొంగతనం కేసులో పదిరోజులు పక్కింటాయన మీద కన్నేసి కూర్చుంటే, చివరికి దొంగ పిల్లి అని తేలింది. ఆ పిల్లికి తర్ఫీదు ఇచ్చింది పక్కింటాయనేనని బావగారు ఇప్పటికీ వాదిస్తారు.

అలాంటి మహానుభావుడు ఇప్పుడు ఆమె ఉద్యోగం కాపాడతానని బయల్దేరాడు. ఎవరూ పిలవలేదు. ఆమె భర్తతో గోడు చెప్పుకుంటుంటే చెవిన పడింది, అంతే.

“మొదట్నుంచీ చెప్పమ్మాయ్. ఏదీ దాచకు. శవం ఎక్కడ దొరికింది?”

“శవం లేదు బావగారూ. చీటీలు.”

ఆమె తొమ్మిదో తరగతికి సంభావ్యత పాఠం చెబుతోంది. క్లాసులో నలభైమంది. ఒక పొడుగాటి పాలపొడి డబ్బాలో ఒకటి నుంచి నలభై దాకా రోల్ నంబర్లు రాసిన చీటీలు వేసి, రోజూ తల పక్కకి తిప్పుకుని ఒకటి తీసి, ఆ నంబరువాళ్ళ చేత బోర్డు మీద లెక్క చేయించేది. తీసిన చీటీ మళ్ళీ డబ్బాలోనే వేసేది. నిన్న వచ్చినవాళ్ళు ఇవాళ నిశ్చింతగా నిద్రపోకూడదు కదా! ఎవరి నంబరైనా వచ్చే అవకాశం నలభైలో ఒకటి అని రోజూ బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసేది కూడా. తీరా పదిరోజుల్లో ఇరవై మూడో నంబరు అమ్మాయి ఆరుసార్లు వచ్చింది. నలుగురి ముందు నిలబడితే గొంతు పెగలని పిల్ల. ఆరోసారి బోర్డు దగ్గరే ఏడ్చేసింది. వాళ్ళమ్మ వచ్చి మా పిల్ల మీద పగబట్టారంటూ స్కూలు ఎగిరిపోయేలా అరిచింది. శుక్రవారం లోపు మీ తప్పు లేదని చూపించండి, లేకపోతే సోమవారం నుంచి రావద్దు అన్నాడు ప్రిన్సిపాల్. ఆమెది టెంపరరీ పోస్టు.

బావగారు కళ్ళు చికిలించారు. “ఇందులో వింతేముంది? ఆ చీటీ వస్తే వస్తుంది, రాకపోతే రాదు. రెండే కదా! సగానికి సగం.”

“రెండు ఉన్నంతమాత్రాన రెండూ సమానం కావు బావగారూ. రేపు మనింటి మీద ఏనుగు పడొచ్చు, పడకపోవచ్చు. అదీ సగానికి సగమేనా?”

ఆయన పైకప్పు కేసి ఒకసారి చూశారు. “అందుకే నేను వరండాలో పడుకుంటాను.”

“అది కాదండీ. మొత్తం ఎన్ని, అందులో మనకి కావలసినవి ఎన్ని, ఈ రెండూ చూసి భాగించాలి. అంతే.”

“నేరశాస్త్రంలో భాగహారం ఉండదమ్మాయ్. అనుమానం ఉంటుంది.”

బుధవారం ఆ అనుమానం స్కూలు వాచ్‌మన్ మీద పడింది.

“పోయిన మంగళవారం పొద్దున్న పదింటికి ఎక్కడున్నావ్?”

“గేటు దగ్గర సార్.”

“చూసినవాళ్ళున్నారా?”

“స్కూలంతా చూసింది సార్.”

“ఓహో! అన్ని సాక్ష్యాలు ముందే సిద్ధం చేసుకున్నావన్నమాట!”

గురువారం ఆ చీటీ బరువైన కాగితమేమోనని, ఆమె చేత అదే కాగితం మీద అలాంటిదే ఇంకొకటి రాయించి కిరాణా కొట్టులో తూయించారు. ముల్లు కదల్లేదు. ‘బరువు దాస్తోంది’ అని నోటుబుక్కులో రాసుకున్నారు. ఆ రాత్రి ఆమె అన్నం సగంలోనే వదిలేసి లేచింది.

శుక్రవారం ప్రిన్సిపాల్ గదిలో తల్లి ముఖం గంటుపెట్టుకుని కూర్చుంది. పక్కన ఇరవై మూడో నంబరు తల వంచుకుని నిలబడింది. బల్ల మీద డబ్బా ఉంది. బావగారు రెయిన్ కోటు కాలరు పైకెత్తారు.

“నేరస్థుడు ఈ గదిలోనే ఉన్నాడు!”

“గదిలో మగవాళ్ళం మనిద్దరమే” అన్నాడు ప్రిన్సిపాల్.

బావగారు కాస్త తడబడి, “వేలిముద్రలే చెబుతాయి” అంటూ జేబులోంచి పౌడరు డబ్బా తీసి, చీటీల డబ్బాలో సగం కుమ్మరించి, దాన్ని పైకెత్తి గిలకొట్టి, లోపలికి తొంగిచూశారు. పౌడరు నేరుగా ముక్కులోకి వెళ్ళింది. ఆయన తుమ్మిన తుమ్ముకి కిటికీ రెక్క కొట్టుకుంది. డబ్బా చేతిలోంచి జారి, చీటీలు నేల మీద పడ్డాయి.

“ఎవరూ కదలకండి! నలభై చీటీలు! ఒక్కటి తగ్గినా కేసు పోయినట్టే!”

అమ్మాయి వంగి ఏరి బల్ల మీద పెట్టింది. “నాలుగే ఉన్నాయండీ.”

“అయ్యయ్యో! ముప్పై ఆరు తుమ్మేశాను!” అంటూ ఆయన నాలుగు కాళ్ళ మీద బీరువా కిందికి దూరిపోయారు.

టీచరు డబ్బా బోర్లించి చూసింది. పౌడరు తప్ప ఏమీ రాలలేదు. బల్ల మీది నాలుగు చీటీలూ విప్పింది. తొమ్మిది, ఇరవై మూడు, ముప్పై ఒకటి, నలభై. తొమ్మిదో నంబరు వేరే స్కూలుకి వెళ్ళి నెలయింది. ముప్పై ఒకటి జ్వరంతో రెండు వారాలుగా రావడం లేదు. ఆ చీటీలు వచ్చినప్పుడల్లా ఆమె వాటిని భద్రంగా డబ్బాలో వేసి ఇంకోటి తీసేది. మిగిలింది ఇద్దరు. నలభయ్యో నంబరు కుర్రాడికి బోర్డు దగ్గరికి రావడమంటే పండగ, నాలుగుసార్లు వచ్చినా వాడి తరఫున ఎవరూ ఫిర్యాదు చేయలేదు. రోజూ నలభైలో ఒకటి అని రాసిన మనిషికి ఒక్కరోజైనా డబ్బాలోకి చూడాలని తోచలేదు. ఆ సంగతి ఆమె ప్రిన్సిపాల్‌కి ఉన్నదున్నట్టు చెప్పింది.

ప్రిన్సిపాల్ క్లాసుకి వెళ్ళి నిలదీసి ఐదు నిమిషాల్లో తిరిగొచ్చాడు. రెండు వారాల కిందటే, మధ్యాహ్నం బెల్లులో ఎవరూ చూడకుండా ఎవరి చీటీ వాళ్ళు లేపేశారట. “ప్రతివాడూ ఒకటే పాట. నేనొక్కణ్ణే కదా సార్, ఒక్క చీటీ పోతే ఏమవుతుంది అని!”

టీచరు అమ్మాయి వైపు తిరిగింది. “మరి నువ్వెందుకు తీసుకోలేదమ్మా?”

“నలభైలో ఒకటే అని మీరు రాస్తారు కదా టీచర్” అంది ఆ పిల్ల మెల్లగా. “నిజమనుకున్నాను.”

టీచరు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళింది. క్లాసు మొత్తంలో తన పాఠం నమ్మింది ఈ పిల్ల ఒక్కతే. అలా నమ్మినందుకే తను ఆరుసార్లు నిలబెట్టి ఏడిపించింది.

“తప్పు నాదేనమ్మా. నన్ను క్షమించు.”

“పగ కాదని తేలింది కదా, సోమవారం రండి” అన్నాడు ప్రిన్సిపాల్.

బీరువా కింద నుంచి బావగారు బయటికొచ్చారు. నెత్తి నిండా బూజు, చేతిలో ఎవరిదో పాత పెన్ను మూత. “నేను మొదట్నుంచీ అనుమానిస్తున్నది ఇదే. దొంగతనం! కేసు ముగిసింది” అన్నారు. ఆయన వైపు ఎవరూ చూడలేదు.

తల్లి లేచి కూతురి చెయ్యి పట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

“పిల్లలకి లెక్కలు తర్వాత చెబుదురుగాని టీచరుగారూ. ముందు మీరు లెక్కపెట్టడం నేర్చుకోండి.”