మూడేళ్ల బీరుకు సాక

ఆదివారం పొద్దున విజేందర్ అనుకున్నది చాలా చిన్నది. హైదరాబాద్ నుంచి యజమాని సునీల్ సార్ దేవరకొండ పక్కనున్న తమ ఊరికి వస్తాడు. ఇంటి వెనక జొన్నల పాతరలో మూడేళ్లుగా చల్లగా పడుకున్న బీరు ఒక గుక్క తాగుతాడు. బెల్జియం పద్ధతిలో తాను పులియబెట్టిన ఆ బీరు బాగుందని తల ఊపితే చాలు, సార్ బీరు కార్ఖానాలో ఏడేళ్లుగా ట్యాంకులు కడుగుతున్న విజేందర్ రేపటి నుంచి బీరు కాచే మేస్త్రీ. పాతరలో పెట్టిన పన్నెండు సీసాల్లో పదకొండు పేలిపోయాయి. మిగిలింది ఇదొక్కటే.

సార్ వచ్చి మంచం మీద కూర్చున్నాడు. విజేందర్ బిరడా లాగాడు. పుల్లటి వాసన వాకిలంతా నిండింది.

"పులిసిపోయినట్టుంది గద బిడ్డా, పారబోద్దామా?" అంది తల్లి బిక్షమ్మ.

"పులుపే దాని గొప్ప అమ్మా. జర ఊకో!"

గ్లాసులో పోయబోతుంటే అవ్వ సుక్కమ్మ కర్ర అడ్డం పెట్టింది. "సాక పొయ్యకుండనే తాగిస్తవారా? మూడేండ్లు భూమిల ఉన్న మందు. ముందుగాల ఎల్లమ్మ తల్లికి పొయ్యి."

ఆ ఇంట్లో ఏ మందు విప్పినా తొలి చుక్కలు దేవత పేరో, పోయినవాళ్ల పేరో తలచుకుని నేలకు సాకగా పోయాల్సిందే. విజేందర్ రెండు చుక్కలు వంచాడు.

"గవేం చుక్కలురా, కండ్లల్ల మందు ఏస్తున్నవా?" అవ్వ సీసా లాక్కుని ధారగా పోసింది. "గిది మీ తాతకు. ఆయనకు కొంచెం పోస్తే కోపమొస్తది."

తండ్రి ఎల్లస్వామి సీసా అందుకున్నాడు. "నాయినకు పోసి మా అన్న మల్లప్పకు పొయ్యకుంటే ఎట్ల? బతికినన్నాళ్లు గిదే కొట్లాట."

"మీ ఇంటోళ్లే సచ్చిన్రా? మా బాపు సావలేదా?" బిక్షమ్మ కూడా తన వంతు పోసింది.

మూడేళ్ల కష్టాన్ని నేల నురగలు కక్కుతూ తాగేస్తుంటే విజేందర్‌కు ఏడుపొచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి సొంత అవ్వే! సీసా గుంజుకుని, అడుగున మిగిలిన రెండు గుక్కలు గ్లాసులో వంచి సార్ చేతిలో పెట్టాడు.

సార్ వాసన చూసి కళ్లు మూసుకున్నాడు. ముఖం వెలిగింది. గ్లాసు పెదవుల దాకా వెళ్లింది.

"మీ నాయిన ఉన్నడా బిడ్డా?" అవ్వ సార్‌ను మెల్లగా అడిగింది.

"లేడవ్వా. పోయినేడే పోయిండు."

"అయ్యో. మందు అలవాటుండెనా?"

సార్ గ్లాసు దించాడు. "ఉండె. మా ఇంట్ల ఎవ్వరం ఆయనకు ఒక్క చుక్క పొయ్యలేదవ్వా," అని గ్లాసు మొత్తం నేల మీద వంచేశాడు.

విజేందర్ అరుగు మీద కూలబడ్డాడు. సార్ కళ్లు తుడుచుకుని వచ్చి అతని భుజం తట్టాడు.

"బీరు కాచే పని నీదే విజేందర్. నీకు కాక ఎవరికిస్త?"

విజేందర్ ఆనందంతో లేచి నిలబడ్డాడు.

"గిదే బీరు మళ్లొక్కసారి చెయ్యి. రుచి చూడంగనే మేస్త్రీ పని ఆర్డర్ చేతిల పెడ్త."

"మూడేండ్లు పడ్తది సార్."

"పట్టనీ. అందాక ట్యాంకులు కడుగుతుండు."

ఆ బీరు తాగినవాళ్లలో ఒక్కరు కూడా బాగాలేదని ఇప్పటివరకు అనలేదు.