చొక్కా లేని కాలరు

ఆధునిక చైనా దుస్తులకు తమదంటూ ఒక శైలి ఉందా లేదా అన్న సంగతిని ఫిబ్రవరి నెలాఖరుకల్లా తేల్చెయ్యాలని షాంఘైలో మా జిల్లా సాంస్కృతిక కార్యాలయం తీర్మానించింది. వందేళ్లుగా పండితులు జుట్లు పట్టుకున్నా తేలని విషయం గనక, ఆరు వారాల గడువు ధారాళంగానే ఇచ్చారని అందరూ ఒప్పుకున్నారు.

తీర్మానం ప్రతిని తెచ్చి గూ టైలరు తలుపుకి అంటించారు. ప్రజల కోరిక మేరకు ఈ సందును 'అచ్చ చైనా శైలి వీధి'గా తీర్చిదిద్దుతారట. సొంత శైలి ఉన్నట్టు ధ్రువపత్రం సంపాదించిన దుకాణాలు ఉంటాయి. సంపాదించనివి సంతోషంగా ఖాళీ చేస్తాయి. తాము ఏం కోరుకున్నారో సందులో జనానికి ఆ కాగితం చదివాకే తెలిసింది.

గూకి అరవై నాలుగేళ్లు. దుకాణం వెడల్పు రెండు కుట్టు మిషన్లంత. ముప్పై ఎనిమిదేళ్లుగా కింద కుట్టడం, పైన అటక మీద పడుకోవడం. ఆ తలుపు పోతే పనీ పోతుంది, పడకా పోతుంది. అందుకని కాగితాన్ని రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మూడోసారి చదివాడు.

ఎదురుగా ఉల్లికాడల రొట్టెలు కాల్చే యావ్ అక్క అట్లకాడ ఊపుతూ అరిచింది.

"ఏం తమ్ముడూ, నీకు స్టైలుందా?"

"పొద్దున్న దాకా ఉందనే అనుకున్నానక్కా."

"నా రొట్టెకి సగమే ఉందిట. ఉల్లికాడ మనదేగానీ మిరపకాయ పరాయిదిట, తీసెయ్యమన్నారు. తీసేశా. ఇప్పుడు రొట్టె అచ్చ చైనాదే, తినేవాడే లేడు."

మొదటి ధ్రువపత్రం సందు మొగలో ఉన్న కాఫీ దుకాణానికి దక్కింది. గింజ బ్రెజిల్‌ది, యంత్రం ఇటలీది, పాట అమెరికాది అయినా కప్పు మీద డ్రాగన్ బొమ్మ ఉంది. కమిటీ నిష్పక్షపాతంగా వ్యవహరిస్తుందని ఆనాడే రుజువైంది.

కమిటీ అధ్యక్షుడు డిప్యూటీ డైరెక్టరు ఫాన్ గారు. నీలం రంగు జిప్పు కోటు వేసుకుని, అదే నీలం రంగు జిప్పు కోట్లు వేసుకున్న పదకొండు మంది గుమాస్తాల మధ్య కూర్చుని, వ్యక్తిత్వం ఉట్టిపడే దుస్తుల ఆవశ్యకత గురించి గంటసేపు ప్రసంగించగల దిట్ట. నిపుణుడు డొమినిక్ షీ. తల్లిదండ్రులు పెట్టిన పేరు గ్వోచియాంగ్. చైనా శైలిని లోతుగా అధ్యయనం చెయ్యడానికి మూడేళ్లు లండన్‌లో ఉండి వచ్చాడు.

గూ మొదటి వారం తను కుట్టిన పెళ్లి గౌను పట్టుకెళ్లాడు. ఎత్తు మెడ, పట్టు ముడి బొత్తాలు, ఒక్కో బొత్తానికి ఒక పూట పని. డొమినిక్ దాన్ని వేలి కొనతో ఎత్తాడు.

"మెడ మనల్ని ఏలిన మంచూలది, నడుము బిగింపు పాశ్చాత్యులది. ఇందులో చైనాది ఏముంది మాస్టారూ?"

"కుట్టినవాడు," అన్నాడు గూ.

ఈ జవాబు విషయానికి సంబంధించనిదని చిట్టాలో రాసుకున్నారు.

రెండో వారం విప్లవకాలం నాటి నాలుగు జేబుల కోటు తెచ్చాడు. అందులో జపాను బడిపిల్లల యూనిఫాం ఛాయలు కనబడ్డాయి. మూడో వారం దూది కోటు తెచ్చాడు. అది ఉత్తరాది గుర్రపు రౌతులదని తేలింది. "చలి కూడా ఉత్తరం నుంచే వస్తుంది బాబూ, దాన్నీ వెనక్కి పంపించెయ్యమంటారా?" అన్నాడు గూ. దాన్ని కూడా రాసుకున్నారు. నాలుగు, అయిదు వారాల్లో ఏం తెచ్చాడో చెప్పి మీకు విసుగు పుట్టించను. సంక్షిప్తంగా చెప్పాలంటే, మా జాతి మూడువేల ఏళ్లుగా బట్టల్లేకుండా తిరిగిందని కమిటీ దాదాపు నిర్ధారణకు వచ్చేసింది.

ఆరో వారం గూ ఉత్త చేతులతో వెళ్లాడు. అటక మీద మూట కట్టడానికి తాడు కూడా కొనేశాడు.

మా ఇళ్లలో చలికాలం మంచినీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటాయి. కార్యాలయంలో మాత్రం హీటరు ఏడాది కోటా ఒక్క నెలలో ఖర్చు పెట్టాలన్న పట్టుదలతో పనిచేస్తోంది. దుకాణంలో వేసుకునే స్వెటర్‌తోనే వచ్చిన గూ రెండు నిమిషాల్లో ఆవిరి బుట్టలో కుడుములా ఉడికిపోయాడు.

"స్వెటర్ తీసెయ్యండి గూ గారూ," అన్నారు ఫాన్.

"పర్లేదు సార్."

"చెమటలు కారుతున్నాయి, తీసెయ్యండి."

"అలవాటే సార్."

"అయ్యో, మనమంతా ఒక ఇంటివాళ్లం, మొహమాటం దేనికి? పై అధికారి మాట మన్నించాలి."

గూ తీశాడు.

తెల్లగా, గంజి పెట్టి, కత్తిలా ఇస్త్రీ చేసిన కాలరు. కింద మూడు బొత్తాలు. ఆ తర్వాత చొక్కా లేదు. కాలరు ఛాతీ దగ్గరే ఆగిపోయింది. అది జారకుండా చంకల కింద నుంచి రెండు పట్టీలు. మిగిలినదంతా చిల్లుల బనీను.

గుమాస్తాలు నవ్వడానికి అధ్యక్షుడి ముఖం చూశారు. అధ్యక్షుడు డొమినిక్ ముఖం చూశారు. డొమినిక్ లేచి నిలబడ్డాడు.

"ఇది... ఎవరి డిజైను?"

"డిజైనేంటి బాబూ, రేషను గుడ్డ కూపన్లు. నా కుర్రతనంలో ఏడాదికి ఇచ్చే కూపన్లతో చొక్కా కుట్టుకుంటే ప్యాంటు ఉండేది కాదు. పిల్లని చూడ్డానికి వెళ్తే కాలరైనా కనబడాలిగా. ఊరంతా ఇదే వేసుకుంది, మీ నాన్న కూడా వేసుకునే ఉంటాడు, అడుగు."

"మరి ఇప్పుడెందుకు?"

"చలికాలం చొక్కా ఆరి చావదు. కాలరు పొద్దున్న ఉతికితే సాయంత్రానికి ఆరుతుంది."

మంచూల దగ్గర ఇది లేదు. జపానులో లేదు. లండన్‌లో చొక్కా లేకుండా కాలరు వేసుకోవాలన్న ఆలోచన ఇంత నిండుగా ఎవరికీ రాలేదని డొమినిక్ స్వానుభవంతో ధ్రువీకరించాడు. 'తక్కువ బట్టతో ఎక్కువ గౌరవం: మన జాతి సొంత ఆవిష్కారం' అని నివేదిక తయారైంది. కూపన్ల ప్రస్తావన శైలికి అడ్డం వస్తోందని కొట్టేశారు. బనీను ప్రస్తావన అసలే రాయలేదు. వసంతకాలపు ప్రదర్శనలో ముప్పై మంది అందగత్తెలు కాలర్లు మాత్రమే వేసుకుని నడిచారు, విదేశీ పత్రికలు మెచ్చుకున్నాయి. అవి మెచ్చుకున్నాయి గనక అది అచ్చ చైనా శైలేనని ఎవరికీ సందేహం మిగల్లేదు.

గూకి ధ్రువపత్రం వచ్చింది. అద్దం కట్టించి మిషను పైన మేకుకు తగిలించాడు. మూట తాడును యావ్ అక్కకి బట్టలు ఆరేసుకోమని ఇచ్చేశాడు.

పది రోజులు గడిచాక పనివాళ్లు గునపాలతో వచ్చి అటక ఊడదీయడం మొదలుపెట్టారు. గూ పత్రం పట్టుకుని కార్యాలయానికి పరుగెత్తాడు.

"కంగారెందుకు?" ఫాన్ గారు స్వయంగా టీ అందించారు. "మీ దుకాణం ఉంటుంది. మాట తప్పే ప్రభుత్వమా మనది? తలుపు, బోర్డు, ముందు గోడ, ఒక్క ఇటుక కదలదు. వెనక భాగం మాత్రం తీసి కార్లు పెట్టుకోవడానికి చోటు చేస్తున్నాం."

"మరి నేను?"

"మీకు ఊరి చివర ఫ్లాటు రాశాం. అసలు ఈ దారి చూపించింది మీరే కదండీ! బయటికి కనబడేది గౌరవంగా ఉంటే చాలదూ?"

గూ మెడ మీది కాలరు తడుముకున్నాడు. కుట్టినవాడు తనే.

ఇప్పుడు మా సందు చూడముచ్చటగా ఉంది. గూ దుకాణం ముందు గోడ నిటారుగా నిలబడింది. పడకుండా వెనక రెండు ఇనప దూలాలు ఆనించారు. "నీ కాలరు పట్టీలే తమ్ముడూ, అవి మాత్రం పోలేదు," అంటుంది యావ్ అక్క. ఆదివారాలు మెట్రో చివరి స్టేషను నుంచి గూ వస్తాడు, ఆమె దగ్గర మిరపకాయ లేని రొట్టె కొనుక్కుని తన తలుపు ముందు నిలబడి తింటాడు.

పోయిన వారం ఒక అమ్మాయి మెళ్లో కాలరు వేసుకుని ఫొటో కోసం వచ్చింది. "తాతగారూ, కొంచెం పక్కకి జరుగుతారా? తలుపు అసలైనది, మీరు అడ్డం వస్తున్నారు," అంది మర్యాదగా. గూ జరిగాడు. ఫొటో బాగా వచ్చింది.

రోజుకి వందలమంది వస్తారు. తలుపు తోసి చూసినవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి, అభ్యంతరం లేదు. స్వెటర్ మాత్రం తీయకండి.